నేను చెప్పిన సముద్రం

నేను సముద్రాన్ని ఇప్పటికీ చూడలేదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. అప్పుడు కూడా ముందే చెప్పి ఉంటే ఇదంతా జరిగేదే కాదు.

నందికొట్కూరులో ఒక ప్రైవేటు బడిలో ఎల్‌కేజీ పిల్లల దగ్గర ఆయాగా పని చేస్తాను. పదో తరగతి పాసయ్యాను. ఇంటరు సగంలో ఆగిపోయింది. ఎందుకు ఆగిందో చెప్పొచ్చు గానీ, వినేవాళ్ళకు నిద్రొస్తుంది. ఏప్రిల్ చివర్లో బడి మూస్తారు. మూసిన మర్నాడే నేను సంచీలో నాలుగు జతల బట్టలు కుక్కుకుని పెద్దమ్మ దగ్గరికి పోతాను.

పెద్దమ్మ వాళ్ళ ఊరు శ్రీశైలం డ్యామ్ వెనక నీళ్ళ పక్కన ఉంది. వానాకాలంలో ఊరి అంచు దాకా నీళ్ళే. ఎండాకాలం వచ్చేసరికి ఆ నీళ్ళు మైలు దూరం దిగిపోతాయి. దిగిన చోట నల్లటి ఒండ్రు నేల బయటపడుతుంది. పెద్దమ్మ, పెదనాయన అక్కడ కర్బూజ, దోస పెడతారు. ఊరి నుంచి రోజూ అంత దూరం నడవలేక నీళ్ళకు దగ్గర్లోనే బోద గడ్డి కప్పిన గుడిసె ఒకటి వేసుకుంటారు. మళ్ళీ వరద వచ్చేలోపు దాన్ని పీకేస్తారు.

ఆ గుడిసె అంటే నాకు ప్రాణం. చేయి విరిగిన ప్లాస్టిక్ కుర్చీ ఒకటి ఉంటుంది. దాన్ని తీసుకుపోయి పిక్కల లోతు నీళ్ళలో వేసుకుంటాను. తల మీద తడి టవల్, చేతిలో ఫోను, ఒళ్ళో ఉప్పూకారం అద్దిన దోసకాయ ముక్కలు. ఎదురుగా కంటికి ఆనినంత దూరం నీళ్ళు. చేపలవాళ్ళ పుట్టీలు గుండ్రంగా తిరుగుతూ ఉంటాయి. చిన్న చేపలు వచ్చి కాలివేళ్ళు గిల్లుతాయి. చదవడానికి తేలిక కథలే కావాలి నాకు. ఎండాకాలంలో ఏడుపు కథలు పడవు, ఎండ ఒకటి చాలు.

ఫోన్లో కథల యాప్ ఉంది. అందులో ఒక సీరియల్ చదివేదాన్ని. ఒకమ్మాయి పట్నంలో ఉద్యోగం మానేసి సముద్రం ఒడ్డున తెల్లటి మేడలో ఒంటరిగా ఉంటుంది, కింద టీ కొట్టు నడుపుతుంది. పడవల ఇంజన్లు బాగుచేసే అతను రోజూ టీకి వస్తాడు. వాళ్ళిద్దరూ ఇన్ని భాగాలైనా ఒక్క మాట కూడా సరిగ్గా మాట్లాడుకోలేదు. మా గుడిసె దగ్గర సిగ్నల్ ఉండదు. నీళ్ళు లాగే ఇంజను పెట్టిన దిబ్బ ఎక్కితే రెండు గీతలు వస్తాయి. దిబ్బెక్కి కొత్త భాగం దింపుకుని, పరుగున వచ్చి కుర్చీలో కూర్చుని చదివేదాన్ని.

ఆ సీరియల్ రాసే ఆవిడ పాఠకులకు ఒక వాట్సాప్ గ్రూపు పెట్టింది. ఒకరోజు అందులో ఒక మెసేజ్ వచ్చింది. "నేను సముద్రం చూసింది జీవితంలో ఒక్క పూట. నా కథానాయికేమో అక్కడే కాపురముంటోంది. ఒడ్డున ఉండేవాళ్ళెవరైనా ఉంటే నాతో మాట్లాడతారా?"

రాసేవాళ్ళు మనతో మాట్లాడతారని నాకు తెలియదు. వాళ్ళు ఎక్కడో అద్దాల గదుల్లో ఉంటారనుకునేదాన్ని. ఏమీ ఆలోచించలేదు. నీళ్ళలో ఉన్న నా కుర్చీని, వెనక గుడిసెని, దూరంగా పుట్టీని ఫోటో తీసి, దిబ్బెక్కి ఆవిడకు పంపించాను.

"ఇది మీ ఇల్లేనా?" అని వెంటనే అడిగింది.

"ఔను మేడం. ఎండాకాలమంతా ఈడనే" అని కొట్టాను.

డ్యామ్ అని రాయలేదు. ఆవిడ అడగలేదు కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. పైగా నా లెక్కలో నీళ్ళంటే నీళ్ళే. పెద్ద నీళ్ళ ఒడ్డు ఒకచోట ఒకలా, ఇంకోచోట ఇంకోలా ఎందుకుంటుంది? అప్పుడు నిజంగా అలాగే అనుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే, అలా అనుకోవడం నాకు ఎంత వీలుగా ఉందో కూడా తెలుస్తోంది.

మర్నాడు ఫోన్ చేసింది. దిబ్బ మీద నిలబడి మాట్లాడాను. ఆవిడది బద్వేలంట. మొగుడిది కిరాణా కొట్టు. పగలంతా కౌంటర్లో కూర్చునేది ఈవిడే. బేరాల మధ్యలోనే సీరియల్ మొత్తం ఫోన్లో కొడుతుందంట.

"మేడమంటే నాకు ఎట్లనో ఉండాది, అక్కా అను. పొద్దున లేస్తానే నీకు మొదలు ఏం కనపడతాది పాపా? ఆగు, ఒక నిమిషం. ఏమప్పా, ఏం కావాల? మినప్పప్పా? గుండ్లా, బద్దలా? ఆ మూట పక్కన చూడు. ఆఁ, చెప్పు పాపా, సముద్రం."

"మొదలు పుట్టి కనపడతాదక్కా. ఆ ఎనక కొంగలు."

"పుట్టా? అంటే?"

"గుండ్రంగా ఉంటాది. బుట్ట మాదిరి."

"పడవలు గుండ్రంగా ఉంటాయా? అబ్బ, ఎంత బాగుండాదో. నేను చూసినప్పుడు పొడుగ్గా ఉన్నెట్ల గుర్తు."

"అవీ ఉంటాయి లేక్కా" అన్నాను. ఉంటాయో లేదో నాకేం తెలుసు.

అలా రోజూ మాట్లాడుకునేవాళ్ళం. బురదలో కాలు దిగితే ఎలా ఉంటుంది, తాడు మీద చేపలు ఎండితే గాలి ఎలా ఉంటుంది, ఇవన్నీ అడిగేది. వాళ్ళింట్లో గుడ్డు కూడా తినరు. "చేపల పులుసు వాసన ఎట్లుంటాదో చెప్పు పాపా, మా ఇంట్లో ఆ మాట ఎత్తినా మా అత్త తలకు పోసుకుంటాది" అంది. నేను చింతపండు నానబెట్టడం దగ్గర్నించి మొదలుపెట్టి చెప్పాను. ఎండే చేపలదైనా, పులుసుదైనా వాసన కమ్మగా, కొంచెం తీయగా ఉంటుందన్నాను. నా ముక్కుకు అలాగే ఉంటుంది మరి. వారం తిరిగేసరికి కథలో అమ్మాయి అదే పులుసు వండింది. ఇంజన్ల అతను రెండుసార్లు వడ్డించుకున్నాడు. నేను చెప్పిన పులుసును కథలోని మనిషి తింటుంటే నాకు నవ్వాగలేదు.

తర్వాత ఒకరోజు అడిగింది. "ఎండలు ముదిరితే నీళ్ళు ఎట్లుంటాయి?"

"ఎనక్కి పోతాయి కదక్కా. వారానికింత దూరం పోతానే ఉంటాయి. మా పెదనాయన వారానికొక పైపు ముక్క అతికిస్తా ఉంటాడు, నీళ్ళు అందాలంటే. నీళ్ళు పోయిన తావంతా దోస పాదులు పెడతాం. శానా కాస్తాయి."

"సముద్రం అడుగున దోస పాదులా!"

ఆ గొంతు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. చిన్న పిల్ల గొంతులా అయిపోయింది.

ముప్పై ఒకటో భాగంలో సముద్రం రెండు నెలలకని వెనక్కి పోయింది. అమ్మాయి ఆ నేల మీద దోస పాదులు పెట్టింది. ఇంజన్ల అతను ఇంజను తెచ్చి, పైపు మీద పైపు అతికించి, సముద్రం నీళ్ళు లాగి పాదులకు పెట్టాడు. ముప్పై భాగాల తర్వాత ఇద్దరూ మొదటిసారి మాట్లాడుకున్నారు, ఆ పైపు పట్టుకునే. కింద కామెంట్లలో అంతా గుండెకాయ బొమ్మలు. ఒకావిడ మాత్రం, మాది సముద్రం పక్క ఊరే, మా దగ్గర ఇలా ఉండదే అని రాసింది.

అక్క ఆ కామెంటు నాకు పంపి, "మీ పక్క వేరేగా ఉంటాదా పాపా?" అని అడిగింది.

"ఔనక్కా. ఒక్కో తావు ఒక్కో రకం" అని రాశాను.

మొదటి నుంచీ చేసింది అజ్ఞానం అనుకుంటే, ఇది మాత్రం అబద్ధం. రాసేటప్పుడు వేలు ఒక్క క్షణం ఆగింది కూడా. ఆగి, మళ్ళీ కొట్టింది.

మే నెల చివర్లో ఒక పొద్దున ఫోన్. కొట్లో ఎవరో ఉప్పు ప్యాకెట్ అడుగుతున్నా వినకుండా అరుస్తోంది. "పాపా, ఇంతవరకు వచ్చిన భాగాలన్నీ కలిపి పుస్తకమేస్తారంట! కాగితం మీద! సోమవారం అచ్చుకు పోతాదంట!"

పదేళ్ళుగా ఫోన్లోనే రాస్తోంది ఆవిడ. ఇంట్లో దాన్ని ఫోను పిచ్చి అంటారంట. ఒక్కసారి కాగితం మీద తన పేరు చూసుకోవాలని, చేతిలో బరువు తెలిసే పుస్తకం ఒకటి కావాలని నాతో ఎన్నిసార్లు అందో. "మొదటి పేజీలో నీ గురించి కూడా రాసినా. సముద్రం పక్క చెల్లెలికి అని" అంది. నేను సంతోషంతో దిబ్బ మీదే గంతులేశాను. ఇంజను పక్కన పెదనాయన, "ఏం మే, చీమలు గానీ ఎక్కినాయా?" అన్నాడు.

అది గురువారం. శనివారం మధ్యాహ్నం చేపలక్క ఊరి నుంచి తిరిగొచ్చింది.

చేపలక్క అంటే మా పక్క గుడిసె ఆవిడ. పేరు పెట్టి ఎవరూ పిలవరు. వాళ్ళు సముద్రం పక్క ఊరి వాళ్ళు. అక్కడ చేపలు తగ్గిపోయి, ఏటా కుటుంబంతో వచ్చి, పెద్దమ్మనడిగి పక్కనే గుడిసె వేసుకుని, మా డ్యామ్ నీళ్ళలో వలలు వేసుకుంటారు. వాళ్ళ సోలార్ ప్లేటు మీదే నా ఫోన్ ఛార్జింగ్. ఆవిడకు చదువు రాదు. వల కుట్టుకుంటూ కూర్చుంటే నేను సీరియల్ చదివి వినిపించేదాన్ని. చెల్లెలి పెళ్ళికని ఊరికి పోయి మూడు వారాలు ఉండిపోయింది. వస్తూనే, "గుంటా, ఆలిద్దరూ మాటాడుకున్నారేటి?" అంది.

"శానా మాట్లాడినారు. కూసో అక్కా" అని ముప్పై ఒకటి తీశాను.

రెండు పేజీలు కూడా కాలేదు. వల పక్కన పెట్టేసింది.

"ఓలమ్మో! సముద్రం రెండు నెల్లు ఎక్కడికెల్లిపోనాదే? సుట్టాలింటికా?"

"ఎండకు ఇంకిపోతాది కదక్కా."

"ఇంకిపోడానికి అదేటి, గాబులో నీలా?" పొట్ట పట్టుకుని నవ్వుతోంది. "సముద్రం అలా ఎల్తాది, ఇలా వస్తాది. పొద్దుటెల్లింది మజ్జానానికి వచ్చెస్తాది. మల్లీ ఎల్తాది. రోజూ అంతే. మనిసి ఊపిరి తీసినట్టు."

"రోజూనా?"

"రోజూ. ఎండాకాలం నేదు, వానాకాలం నేదు."

అయినా ఊరుకోలేదు. "మరి దోస పాదులో? నీళ్ళు రాని తావు చూసుకుని పెట్టి, పైపుతో పారించుకోవచ్చు కదా?"

"ఉప్పు నీలు కదే గుంటా! ఒక్క బిందె పోసి సూడు. తెల్లారేతలికి పాదు కాల్సినట్టయిపోద్ది."

ఉప్పు. బళ్ళో చదువుకున్నాను, సముద్రం నీళ్ళు ఉప్పగా ఉంటాయని. పరీక్షలో రాశాను కూడా. కానీ ఉప్పంటే ఎంత ఉప్పో ఎప్పుడూ ఆలోచించలేదు. మజ్జిగలో వేసుకునేంత అనుకున్నానేమో. అక్కకు కూడా తెలిసే ఉంటుంది కదా, కొట్లో ఉప్పు బస్తాలే అమ్ముతుంది. మరి ఇద్దరం మనుషులం, ఇన్నిరోజులు, ఇంతసేపు మాట్లాడుకుని, ఒక్కరికీ ఎందుకు తట్టలేదు? నీళ్ళు కనపడగానే పాదులకు పెట్టాలనే తట్టింది మాకు. ఇంకేమీ తట్టలేదు.

"ఇది పుస్తకంగా వస్తాదంటక్కా" అన్నాను మెల్లగా.

చేపలక్క నవ్వు ఆపేసింది. "అయ్యో. మా వోల్లు గానీ సదివితే పడీ పడీ నవ్వుతారే. ఆయమ్మ పరువేటవుద్ది?"

ఆ సాయంత్రం పెద్దమ్మకు చెప్పాను. మర్నాడు చర్చికి కట్టుకునే తెల్లచీర ఉతుకుతోంది. అంతా విని, "కథే కదా మే. కథంటేనే అబద్ధం. అబద్ధంలో ఇంగొక అబద్ధం పడితే ఏమయితాది?" అంది.

నాకు అదీ నిజమే అనిపించింది. ఆ అమ్మాయే లేదు, మేడే లేదు, ఇంజన్ల అతనే లేడు. లేని మనుషులు లేని దోసకాయలు పండించుకుంటే తప్పేంటి? మళ్ళీ చేపలక్క మాట గుర్తొచ్చింది. నవ్వేవాళ్ళు మాత్రం నిజం మనుషులే కదా. మళ్ళీ అనిపించింది, వాళ్ళెంతమంది ఈ పుస్తకం కొంటారు? ఒక పక్క ఆలోచిస్తే చెప్పొద్దనిపిస్తుంది. ఇంకో పక్క ఆలోచిస్తే ఇప్పుడే పరిగెత్తాలనిపిస్తుంది. చెప్తే, నేను ఎవరో తెలిసిపోతుంది. ఆ రోజూ వచ్చే ఫోన్ రాదు. సముద్రం పక్క చెల్లెలు కాకపోతే నేను ఆవిడకు ఏమవుతాను? ఎల్‌కేజీ ఆయాతో ఆవిడకేం పని?

"పరేశాన్ పడేదానికి బదులు పోయి చెప్పేసి రా మే" అంది పెద్దమ్మ. "నువ్వు అన్నం తినవు, నన్ను తిననియ్యవు."

ఆదివారం పొద్దున దిబ్బెక్కాను. ఏం చెప్పాలో గుడిసెలోనే పది రకాలుగా అనుకున్నాను గానీ, ఆవిడ "చెప్పు పాపా" అనగానే అన్నీ పోయాయి.

"అక్కా, మాది సముద్రం కాదు."

"ఏంది?"

"డ్యామ్ నీళ్ళు. శ్రీశైలం డ్యామ్. నేను సముద్రం చూడనే లేదక్కా. సముద్రం ఎనక్కి పోదంట. రోజూ పోయి రోజూ వస్తాదంట. దాని నీళ్ళు పెడితే పాదులు సచ్చిపోతాయంట. ఆ కామెంటు పెట్టినామె చెప్పింది నిజమే. నేను తెలిసీ..."

అవతల కొట్లో ఎవరో "అక్కా, చక్కెర" అంటున్నారు. మళ్ళీ, "అక్కా, చక్కెర". ఫోన్ కట్టయింది.

నేను సిగ్నల్ పోయిందేమో అనుకుని ఫోన్ పైకెత్తి చూశాను. రెండు గీతలూ ఉన్నాయి.

సోమవారం ఏమీ రాలేదు. మంగళవారమూ రాలేదు. నేను నందికొట్కూరు బళ్ళో ఆయాను, తప్పయిపోయిందక్కా అని మెసేజ్ పెడితే, చూసినట్టు నీలం టిక్కులు పడ్డాయి, అంతే. అచ్చుకు పోయిందా, పోలేదా తెలియదు. కుర్చీ నీళ్ళలోంచి తీసి గుడిసె పక్కన పడేశాను. గంటకొకసారి దిబ్బెక్కి దిగడమే పని. పెదనాయన చూసి చూసి, "ఇంగ రెండు రోజులట్ల నడిచినావంటే దిబ్బ అరిగిపోయి, ఇంజను నీళ్ళలోకి జారతాది మే" అన్నాడు.

బుధవారం పదకొండు గంటలకు ఫోన్ మోగింది.

"నందికొట్కూరులో బస్సు దిగినా. మీ డ్యామ్ నీళ్ళు చూడాలంటే యాడికి రావాల?"

గొంతులో ఏముందో తెలియలేదు. కోపమా అంటే కాదు, మామూలా అంటే అదీ కాదు. ఏ ఆటో ఎక్కాలో చెప్పి, ఊరి చివరికి పరిగెత్తాను.

నేను పొడుగ్గా ఉంటుందనుకున్నాను. పొట్టిగా, బొద్దుగా ఉంది. లావు కళ్ళద్దాలు, నేత చీర, ఒక చేతిలో గొడుగు, ఇంకో చేతిలో స్టీలు క్యారియరు, చంకలో పెద్ద నీళ్ళ బాటిల్. తెల్లవారుజామున బద్వేల్లో బయల్దేరిందంట. నన్ను కిందికీ పైకీ చూసి, "నువ్వేనా?" అంది.

"నేనేనక్కా."

"ఇంత బక్కగా ఉండావు. ఫోన్లో అంత గొంతు యాడిది నీకు?"

తిట్టిందా, మెచ్చుకుందా? అర్థం కాక గొడుగు అందుకున్నాను. దారంతా పుస్తకం సంగతి ఎత్తలేదు. నాకు అడిగే ధైర్యం లేదు. ఎండకు నెర్రెలు విచ్చిన నేల మీద చెప్పులు తీసి ఒకచోట, వేసుకుని ఒకచోట, నడిచి చూస్తోంది. చేపలక్క గుడిసె దగ్గరికి రాగానే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

"ఏంది పాపా ఈ వాసన? ఏమన్నా సచ్చిందా?"

"ఎండు చేపలక్కా. మీరు రాసినారు కదా, కమ్మటి తీయటి వాసన అని."

"తీయటా?" కొంగు తీసి ఒకసారి పీల్చింది, మళ్ళీ పెట్టుకుంది. "మా అత్తకు తెలిస్తే నన్ను ఇంట్లోకి రానియ్యదు."

చేపలక్క లోపలి నుంచి వచ్చి ఆవిడను చూసి, "ఈయమ్మేనా సముద్రాన్ని ఊరికి పంపినాయమ్మ?" అంది. నాకు భూమిలోకి పోవాలనిపించింది. అక్క మాత్రం నవ్వింది. కొంగు వెనకే నవ్వింది గానీ, నవ్వింది. తర్వాత అరగంట సేపు వల పక్కన కూర్చుని ఆవిడను ఏవేవో అడిగింది.

మధ్యాహ్నం మా గుడిసె నీడలో క్యారియరు విప్పింది. చిత్రాన్నం, వడియాలు. మాకూ పెట్టింది. పెద్దమ్మ కర్బూజ కోసింది. తింటూ అక్క నాలుగు పక్కలా చూసింది.

"మా కథలో మేడ ఈడ కట్టాలంటే యాడ కట్టొచ్చమ్మా?" అని పెద్దమ్మను అడిగింది.

"ఈడనా? మేడనా?" పెద్దమ్మ కత్తి ఆపింది. "వరదొస్తే ఇప్పుడు మనం కూసున్న తావ తాటిచెట్టంత లోతు నీళ్ళుంటాయి తల్లీ."

"అయితే ఈ గుడిసె ప్రతి ఏడూ పీకుతారా?"

"పీకకపోతే చేపలకు బాడుక్కిస్తామా?"

"మళ్ళా ఇదే తావుకు ఎందుకొస్తారు? నేల అంతా ఒగటే మాదిరి ఉండాది కదా. గెట్టు లేదు, హద్దు లేదు."

పెద్దమ్మ ఆవిడను వింతగా చూసింది, ఎల్‌కేజీ పిల్ల ఏదో అడిగినట్టు. "ఇది మా నాయన చేను. డ్యామ్ కట్టకముందుది. అదో, ఆడికి మాది. ఆ పక్క మా చిన్నాయనోళ్ళది. గెట్లు బురద కింద ఉండాయి. పైన లేకపోతే ఏం, మాకు తెల్దా? నీళ్ళున్నన్నాళ్ళు నీళ్ళది, దిగినన్నాళ్ళు మాది. ఎవురి చేన్లో వాళ్ళే గుడిసె ఏస్తారు. ఇంగొకరి దాంట్లో కాలు పెట్టరు."

ఈ సంగతి నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. అందరికీ తెలిసిందే. చెప్పుకోదగ్గ విషయమని ఎప్పుడూ అనిపించలేదు. ఇన్ని ఫోన్లలో కొంగల గురించి చెప్పాను, దోసకాయల గురించి చెప్పాను, ఇది మాత్రం చెప్పలేదు. సముద్రానికి సరిపోయేవే ఏరి చెప్పానేమో. అక్క చేతిలో కర్బూజ ముక్క అలాగే ఉండిపోయింది, రసం మోచేతి దాకా కారుతోంది.

కాసేపటికి లేచి, "సిగ్నల్ యాడుంటాది?" అంది.

దిబ్బ చూపించాను. చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని ఎక్కింది. పుస్తకమేసే ఆయనకు ఫోన్ కలిపింది. నేను కిందనే నిలబడ్డాను గానీ అన్నీ వినపడుతున్నాయి.

"నమస్తే సార్. నేనే. వారం ఆగమన్నాను కదా, అదే సంగతి... లేదు సార్, వెయ్యద్దండి... రెండు పేజీలు మార్చేది కాదు. మొత్తం... తెలుసు సార్. ఈ ఏడు వేసే వాటిలోంచి పోతాది. తెలుసు... వచ్చే ఏడు మాట ఇయ్యలేరు, సరే సార్... లేదు, ఎవరూ ఏమీ అనలేదు. నేనే."

ఫోన్ చీరకు తుడిచి, చేతిలో పెట్టుకుని అలాగే నిలబడింది. నేను గబగబా ఎక్కాను.

"అక్కా, దోస పాదుల ముక్క ఒగటి తీసేస్తే సరిపోదా? ఆ ముప్పై ఒకటి తీసేసి, మిగతాదంతా..."

"సరిపోతాది."

"మరి?"

"సరిపోతాది పాపా" అని మళ్ళీ అదే అంది. పదేళ్ళ నుంచి అనుకున్న పుస్తకం. బరువు తెలిసే పుస్తకం. నా మూలంగా పోయిందా? నేను సోమవారం దాకా నోరు మూసుకుని ఉంటే వచ్చేసేది కదా. నవ్వేవాళ్ళు నవ్వినా, చేతిలో అయితే ఉండేది. చెప్పి మంచి చేశానా, చెడ్డ చేశానా అని ఆవిడనే అడగాలనిపించింది. అడిగితే ఓదార్పు కోసం అడిగినట్టుంటుందని ఊరుకున్నాను.

దిబ్బ దిగి నీళ్ళ దాకా నడిచింది. వంగి మొహం కడుక్కుంది. దోసిట్లో నీళ్ళు తీసుకుని కొంచెం నాలిక మీద వేసుకుని చూసింది.

"తీపే" అంది.

"మంచి నీళ్ళే కదక్కా."

అక్కడే గట్టు లాంటి చోట కూర్చుని ఫోన్ తీసింది. "మొదటి నుంచి రాయాల. మేడ లేదు, టీ కొట్టు లేదు. ఆ పిల్ల మీ పెద్దమ్మ మాదిరి ఏటేటా వచ్చి గుడిసె ఏసుకుంటాది. సరే, నువ్వు చెప్పు. నీళ్ళు మళ్ళా వచ్చే రోజు ఎట్లుంటాది? చప్పుడొస్తాదా? మెల్లగా వస్తాయా, ఒగేసారి వచ్చి పడతాయా?"

జవాబు నోటి దాకా వచ్చేసింది. కొంగలు లేచిపోతాయని, నీళ్ళు ఎర్రగా వస్తాయని, నురగ ముందు వస్తుందని. ఎవరో చెప్పగా విన్నవి, నేను అల్లుకున్నవి, కలిసిపోయి ఉన్నాయి. తొమ్మిది ఎండాకాలాలు ఇక్కడే ఉన్నాను. ప్రతి ఏడూ జూన్‌లో బడి తెరిచేసరికి వెళ్ళిపోయాను.

"నేను చూడలేదక్కా" అన్నాను. "నీళ్ళు పోయేదే చూసినా. వచ్చేది ఎప్పుడూ చూడలే."

కళ్ళద్దాల పైనుంచి నన్ను చూసింది. ఇప్పుడు తిడుతుందిలే అనుకున్నాను. ఫోన్ వైపు తిరిగి టైపు చేయడం మొదలుపెట్టింది. నేను చెప్పింది రెండు ముక్కలు. ఆవిడ వేలు ఆగడం లేదు, ఒక స్క్రీను నిండి పైకి జరిగింది, ఇంకొకటి నిండుతోంది.

"ఏం రాస్తాండారక్కా?"

"నువ్వు చెప్పిందే. నీళ్ళు పోయేది చూసి, వచ్చేది చూడని పిల్ల గురించి."

"నేనేం చెప్పలే కదా."

ఊఁ అంది, తలెత్తలేదు. ఎండ ఫోన్ మీద పడి అక్షరాలు కనపడక కళ్ళు చికిలిస్తోంది. నేను గొడుగు విప్పి పక్కన నిలబడ్డాను. ఆవిడకు నా మీద కోపం ఉందో లేదో నాకు అప్పటికీ అర్థం కాలేదు.